జమున మెడలో కళ్లద్దాలు

గోదావరిఖనిలో ఆ గని దగ్గర ఎవరినడిగినా జమున గురించి రెండు సంగతులు చెబుతారు. ఒకటి, ఆమెకు వందలమంది లైటు నంబర్లు నోటికి వచ్చు. రెండు, ఆమె కళ్లద్దాలు ఎక్కడున్నాయో ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

"అక్కా, నెత్తి మీదనే ఉన్నయ్," అని ఒకరు అందిస్తారు. "టిఫిను డబ్బా ఎనుక సూడక్కా," అని ఇంకొకరు. గనిలోకి దిగే ముందు కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లకు అదొక కాలక్షేపం. జమున మాత్రం నవ్వేది కాదు. అద్దాలు దొరికాక వాటిని ముక్కు మీదికి గట్టిగా అదిమి, "ఇగ నవ్వుడు సాలు, నంబరు చెప్పు," అనేది.

ఆమె పనిచేసేది ల్యాంపు రూములో. భూమి లోపలికి దిగే ప్రతి కార్మికుడికీ టోపీకి తగిలించుకునే లైటు ఒకటుంటుంది. అది అతనిదే, మరొకరికి ఇవ్వరు. దాని మీద అతని నంబరుంటుంది. గోడ పొడవునా నిలబెట్టిన ఛార్జింగు ర్యాకులో అదే నంబరుతో ఒక గడి ఉంటుంది. దిగేటప్పుడు మనిషి కిటికీ దగ్గర లైటు తీసుకుంటాడు, పైకొచ్చాక తిరిగి ఇచ్చేస్తాడు. గడిలో లైటుంటే మనిషి పైనున్నట్టు, గడి ఖాళీగా ఉంటే మనిషి లోపలున్నట్టు. హాజరు కాగితంలో ఏం రాసి ఉన్నా, ఎవరెవరు యంత్రం మీద వేలు పెట్టి ఉన్నా, షిఫ్టు ముగిసే వేళ గని నమ్మేది ఆ గడినే.

ఈ ఉద్యోగం జమునకు భర్త సదయ్య పోయాక వచ్చింది. సదయ్య గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. అంత ప్రమాదం పనిలో ఏమీ కాని మనిషి ఇంట్లో పచ్చకామెర్లు పట్టుకుని పోయాడు. దవాఖానకు పోదామంటే ఆకు పసరు తాగితే తగ్గుతుందని మొండికేశాడు. తగ్గలేదు. ఆయన చోట కంపెనీ జమునను తీసుకుంది. మొదట క్యాంటీనులో వేశారు, తర్వాత స్టోరులో వేశారు, చివరకు ల్యాంపు రూముకు పంపారు. అక్కడికి వచ్చాక ఆమె ఇంకెక్కడికీ కదలనంది.

కదలనని ఎందుకందో ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదనుకుంటారని భయం. ఇంటి దగ్గర పోయిన మనిషి తిరిగి రాలేదు. ఇక్కడ మాత్రం షిఫ్టు షిఫ్టుకూ మనుషులు తిరిగొస్తారు. బొగ్గు పట్టిన మొహాలతో కిటికీలోకి చేతులు చాపి, "జమునక్కా, ఇగో నా లైటు," అంటారు. ఒక్కో లైటూ గడిలో పెడుతుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి ఆ కిటికీ దగ్గర నిలబడ్డ జమునకు లోకంలో తన జాగా అంటూ ఒకటి ఉందనిపించేది.

అలాంటి జాగాలోకి చత్వారం వచ్చి కూర్చుంది.

అదేమీ పెద్ద జబ్బు కాదు. వయసు మీద పడితే అందరికీ వచ్చేదే. కానీ వచ్చిన చోటే చిక్కు. లైటు మీద నంబరు చదవాలంటే అద్దాలు కావాలి. తలెత్తి కిటికీ అవతల మనిషి మొహం చూడాలంటే అవే అద్దాలు అడ్డం. పెట్టుకోవాలి, తీయాలి, మళ్లీ పెట్టుకోవాలి, షిఫ్టంతా ఇదే భాగవతం. కంటి డాక్టరు రెండు పవర్లూ ఒకే అద్దంలో ఉండేవి రాసిచ్చాడు. అవి పెట్టుకుని ల్యాంపు రూము మెట్లు దిగుతుంటే మెట్టు ఒకచోట కనిపించింది, కాలు ఇంకోచోట పడింది. పడి గడ్డం పగిలింది. వాటిని బీరువాలో పడేసి మళ్లీ పాత జోడుకే వచ్చింది.

ఇక ఆ జోడును దగ్గర ఉంచుకోవడానికి ఆమె పడని పాట్లు లేవు. నెత్తి మీదికి తోస్తే నూనె రాసిన జుట్టు మీంచి జారి ర్యాకు వెనక్కి పోయేవి. చొక్కా జేబులో పెడితే కింది వరుస గడులకు వంగినప్పుడల్లా టపీమని నేల మీద పడేవి. జడముడిలో గుచ్చితే ఒక కాడ వంకరపోయింది. బల్లకు మేకు కొట్టి దారంతో వేలాడదీస్తే, అద్దాలు పెట్టుకుని రెండడుగులు వేసేసరికి దారం లాగేసింది, ముక్కు కమిలింది. కరీంనగర్‌లో నర్సింగు చదువుతున్న కూతురు రమ ఆన్‌లైన్లో ఒక స్టీలు గొలుసు పంపింది. దాన్ని అద్దాలకు తగిలించి మెడలో వేసుకుంటే సరిపోతుంది. జమున ఆ గొలుసును కవరులోంచి తీయకుండానే బీరువాలో పెట్టింది.

"మెడలకేస్కుంటే అయిపాయె. దాంట్ల ఫికరేముంది జమునా?" అని ల్యాంపు రూము ఇన్‌చార్జి జైపాల్ ఎన్నోసార్లు అన్నాడు.

"ఏస్కుంట తియ్యన్నా," అని ఆమె మాట దాటవేసేది.

వేసుకోకపోవడానికి కారణం ఉంది. సదయ్య కర్మనాడు ఇంటినిండా ఆడవాళ్లు. పుస్తెలతాడు తీయడానికి ఎవరెవరో ముందుకొచ్చారు. అప్పుడు అత్త సారవ్వ అందరినీ పక్కకు నెట్టింది. "నా కోడలు మీద ఎవ్వల చెయ్యి వడద్దు," అని కోడలిని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు పెట్టింది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి సారవ్వ. ఆ పని జనం మధ్యన ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. చీకటి గదిలో తన చేతులతో తీసింది. జమున వీపు నిమిరింది. ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత జమున మెడలో దారప్పోగు కూడా వేసుకోలేదు. గుర్తింపు కార్డును అందరూ మెడలో తాడుతో వేలాడదీస్తే, ఆమె పిన్నీసుతో చొక్కాకు గుచ్చుకునేది. ఎవరో ఏదో అంటారని కాదు. అత్త అంత ప్రేమగా ఖాళీ చేసిన మెడ మీద ఇంకేదైనా వేస్తే అత్తను తోసేసినట్టవుతుందని ఆమె భయం. ఆ మాట అత్తనే అడిగి ఉంటే అయిపోయేది. కానీ ఒకే కంచంలో తినే వాళ్లు కూడా అడగలేని మాటలు కొన్ని ఉంటాయి.

చలికాలంలో ఒక రోజు మొదటి షిఫ్టు. కాలనీ బస్సు ఆలస్యంగా వచ్చింది, వరుస అప్పటికే గేటు దాకా పోయింది. జమున అద్దాలు కనబడలేదు. క్యాంటీనులో చాయ తాగిన బల్ల మీద హాయిగా కూర్చున్నాయవి. ఆ సంగతి అప్పుడామెకు తెలియదు. బయట జనం తొందర పెడుతున్నారు. నంబర్లన్నీ నోటికొచ్చు, గడులన్నీ చేతికి తెలుసు, అద్దాలు లేకపోతే మునిగిపోయిందేముంది అనుకుంది. నిజంగానే చకచకా ఇచ్చేసింది. ఆ పొద్దున తనను చూసుకుని తనకే కాస్త గర్వం కూడా కలిగింది.

నర్సింగం అనే పంపు డ్రైవరు వచ్చి చేయి చాపాడు. జమున చేయి అతని గడి దాకా పోయి ఒక గడి పక్కకు జరిగింది. అది శివ అనే కుర్రవాడి లైటు. ఆమె చూడలేదు, నర్సింగమూ చూసుకోలేదు. టోపీకి తగిలించుకుని దిగిపోయాడు.

షిఫ్టు ముగిసింది. లైట్లన్నీ గడుల్లోకి చేరాయి, శివ గడి తప్ప. నర్సింగం లైటు పొద్దుటినుంచీ దాని గడిలోనే ఉంది గనుక అతను పైనున్నట్టే లెక్క. నిజానికి పంపు మొరాయించడంతో నర్సింగం లోపల దూరాన నీళ్ల గుంట దగ్గరే ఉండిపోయాడు, ఏ కబురూ అతని దాకా పోలేదు. శివ పేరు ఆ రోజు హాజరులో లేదు. "హాజరుది ఏమున్నది, పొద్దుగాల కరెంటు పోయి మిషినే నడవకపాయె. గడి ఖాళీ ఉంది గదా," అన్నాడు జైపాల్. శివకు ఫోను చేస్తే కలవలేదు. ఇంటికి చేస్తే అతని భార్య దీప ఎత్తింది. "పొద్దుగాలనే డ్యూటీకని పోయిండన్నా," అంది. లోపలికి కబురు పోయింది. ఏ మూలన చూసినా శివ లేడని జవాబొచ్చింది. లేడంటే ఎక్కడో పడి ఉన్నాడనే గని అర్థం చేసుకుంటుంది. వెతకడానికి మనుషులు దిగారు.

దీప పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక కాలికే చెప్పుంది. ల్యాంపు రూము కిటికీ కడ్డీలు పట్టుకుని, "మా ఆయనది ఏది అక్కా?" అని అడిగింది. జమున ఆ ఖాళీ గడిని చూపించింది. ఆ పిల్ల గడినే చూస్తూ నిలబడింది. మనిషి లేని చోటు వైపు అలా చూడటం ఎలా ఉంటుందో జమునకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

పొద్దు వాలుతుండగా నర్సింగం పైకొచ్చాడు. ఇంత జనం ఎందుకు మూగారో తెలియక బిత్తరపోయాడు. అతని టోపీకి శివ లైటు వెలుగుతోంది. కాసేపటికి శివ దొరికాడు. డ్యూటీకని చెప్పి స్నేహితుడితో కలిసి పెద్దపల్లిలో మోటారుసైకిలు చూడటానికి పోయాడట. ఫోనులో ఛార్జింగు అయిపోయిందట. దీప అతన్ని గేటు దగ్గరే పట్టుకుని తిట్టవలసినవన్నీ తిట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకుని నవ్వుకున్నారు. జమున ఒక్కతే నవ్వలేకపోయింది. తప్పు శివది సగమైతే తనది సగమని ఆమెకు తెలుసు.

మర్నాడు అండర్ మేనేజరు పిలిపించాడు. కోప్పడలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

"అమ్మా, ఇన్నేండ్లల్ల నీ మీద ఒక్క మాట లేదు. కానీ లైటు తప్పు అంటే మనిషి తప్పినట్టే. ఇంకోసారి గిట్లయితే నిన్ను నర్సరీకి పంపాల్సి వస్తది. మొక్కల పని, నీడపట్టునే ఉంటది. నీకే నిమ్మలం."

"ఒద్దు సారూ," అంది జమున. "నన్ను ఆడికి పంపకుండ్రి. అద్దాలు నా మీదనే ఉండెటట్టు సూస్కుంట."

చూసుకుంటానని మాటైతే ఇచ్చింది గానీ ఎలా చూసుకోవాలో తెలియలేదు. ఇంటికొచ్చి పక్క క్వార్టరు గడపలో కూలబడింది. అది లతీఫున్నీసా ఇల్లు. ఆమె భర్త అబ్దుల్ వహాబ్ అదే గనిలో పనిచేసి రిటైరయ్యాడు. లతీఫున్నీసా పెళ్లికూతుళ్లకు నల్లపూసల లచ్చాలు గుచ్చుతుంది. కాలనీలో తురకోళ్ల పెళ్లి ఏది జరిగినా పిల్ల మెడలో పేటలు పేటలుగా దిగే ఆ పూసల దండ ఆమె చేతిదే. మంచం మీద పళ్లెంలో పూసలు పోసుకుని, కాలి బొటనవేలికి దారం చుట్టుకుని కూర్చుని ఉంది. జమున జరిగిందంతా చెప్పింది, మెడ సంగతి కూడా చెప్పింది. ఎవరితోనూ అనని మాట ఆమెతోనే ఎందుకు అనగలిగిందో జమునకు తెలియదు.

లతీఫున్నీసా పూసలు గుచ్చడం ఆపి అద్దాలు అందుకుంది. కాడలను వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"అరే, గిది ఎంత పని? దారం నేను అల్లుత. కాడలకు రబ్బరు ముక్క కుడితే జారయి. మా ఆయన సైకిలు ట్యూబు ముక్కలు ఉన్నయ్ ఇంట్ల."

"ఉత్త దారమే అల్లు లతీఫక్కా. పూసలొద్దు."

లతీఫున్నీసా ఉత్త దారమే అల్లింది. జమున వేసుకుని చూసింది. వంగితే దారం మెలిపడి అద్దాలు భుజం మీదికి పోయాయి. నిలబడితే వీపు మీదికి పోయాయి. లతీఫున్నీసా నవ్వు ఆపుకోలేకపోయింది.

"దారానికి బరువు ఉండాలె జమునా. బరువు లేకుంటే దానికి ఏది ముందో ఏది ఎనుకనో ఎట్ల తెలుస్తది? పూసలు ఉంటే కిందికి గుంజుతయ్, అద్దాలు ఛాతీ మీదనే ఉంటయ్. నగ కోసం కాదు, బరువు కోసం."

జమున పళ్లెంలోని పూసలను వేలితో కదిపి చూసింది. చివరకు, "నల్లయి వద్దు, ఎర్రయి వద్దు. బూడిద రంగుయి గుచ్చు," అంది.

బూడిద రంగు గాజు పూసలు పళ్లెం అడుగునెక్కడో ఉన్నాయి, పెళ్లికూతుళ్లెవరూ అడగని పూసలు. లతీఫున్నీసా వాటినే ఏరి ఎడం ఎడంగా గుచ్చింది. రెండు చివర్లా రబ్బరు ఉంగరాలు బిగించింది. తాడు పొడవు అలా ఇలా పెట్టలేదు. జమునను నిలబెట్టి, వంగమని, కింది గడి తీస్తున్నట్టు చేయి చాపమని, లేవమని, అద్దాలు బల్లకు కొట్టుకోకుండా ఎక్కడ ఆగుతాయో చూసి ముడి వేసింది.

ఆ తాడు వచ్చాక జమున ప్రాణానికి హాయిగా ఉంది. నంబరు చూడాలంటే అద్దాలు ఎక్కుతాయి, మొహం చూడాలంటే దిగుతాయి, రెండూ చేతికందే దూరంలోనే. ప్రతి లైటూ అద్దాలతో చదివి, నంబరు పైకి చెప్పి, అవతలివాడు అవునన్నాకే ఇచ్చేది. "అక్క అద్దాలకు లగ్గమైంది," అని నర్సింగం ఒక రోజు అంటే వరుసంతా నవ్వింది. ఈసారి జమున కూడా నవ్వింది.

కానీ ఆ నవ్వంతా ల్యాంపు రూములోనే. ఇంటికి తిరిగొచ్చే బస్సులో, కాలనీ మలుపు రాకముందే అద్దాలతో సహా తాడు తీసి సంచిలో వేసేది. ఇంట్లో సారవ్వ కళ్లబడకుండా బియ్యం డబ్బాలో దాచేది. శుక్లాల ఆపరేషను అయ్యాక సారవ్వ చూపు తేటపడింది. ఇల్లంతా గాలించే అలవాటూ దానితో పాటే వచ్చింది. బీరువా, సందుగ, పరుపు కింద, ఆమె చెయ్యి పెట్టని చోటు లేదు. వంట జమునదే గనుక బియ్యం డబ్బా ఒక్కటే భద్రం. యాభై ఏళ్లు వస్తున్న మనిషి దొంగతనంగా మిఠాయి దాచుకునే పిల్లలా తయారైనందుకు ఆమెకే సిగ్గుగా ఉండేది. అయినా అత్త ముందు ఆ పూసలు తీయడానికి చేయి వచ్చేది కాదు.

దాచుకున్న వస్తువుతో వచ్చే చిక్కే వచ్చింది. ఒక రోజు రెండో షిఫ్టుకు బయలుదేరే తొందరలో సంచి తీసుకుంది, టిఫిను డబ్బా తీసుకుంది, బియ్యం డబ్బా మూత మాత్రం తీయలేదు. ల్యాంపు రూముకు వచ్చి చొక్కా తొడుక్కుని, అలవాటుగా ఛాతీ మీదికి చేయి పోనిచ్చింది. అక్కడ ఏమీ లేదు.

కిటికీ అవతల అప్పుడే వరుస కడుతున్నారు. ముందు నర్సింగమే ఉన్నాడు.

"అక్కా, నా లైటు. నాకైతే నాదే ఇయ్యి సుమా," అన్నాడు.

చేయి పోతే అతని గడి తెలుస్తుంది. నంబరు నోట్లోనే ఉంది. ఒక్క పూటకు ఏమవుతుందిలే అని లోపల ఎవరో అన్నట్టే ఉంది. కిటికీ కడ్డీలు పట్టుకున్న దీప చేతులు ఆమె కళ్ల ముందు కదిలాయి. జమున చేయి వెనక్కి తీసుకుంది.

"ఆగు తమ్మీ. నా అద్దాలు ఇంట్ల మర్శిన. అవి వచ్చేదాక నేను లైటియ్య."

వరుసలో గొణుగుడు మొదలైంది. జైపాల్ వెనకనుంచి వచ్చాడు. "ఏంది జమునా, గిప్పుడా చెప్పేది? జరుగు పక్కకు, నేనిస్త. ఆఫీసుల మాత్రం చెప్పక తప్పది మల్ల," అన్నాడు. చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నర్సరీయే. జమున పక్కకు జరగలేదు.

"ఇంకా టైమున్నదన్నా. దిగే గంట గాక ముందు నా అద్దాలు రాకుంటే నువ్వే ఇయ్యి, నువ్వే చెప్పు. నేనేమన," అని ఫోను తీసి ఇంటికి చేసింది. అంకెలు కనబడక రెండుసార్లు ఎవరికో పోయింది. మూడోసారి సారవ్వ ఎత్తింది.

"అత్తా, బియ్యం డబ్బల చెయ్యి వెట్టు," అంది జమున.

"ఇప్పుడు వంటేందే? తిననే తింటిమి గద."

"వంట గాదత్తా. అండ్ల నా అద్దాలున్నయ్. తీసి లతీఫక్క ఇంటి ముంగటుండే ఆటోల పంపు. జల్ది. అవి రాకుంటే నా కొలువు ఈడ ఉండది."

అవతల డబ్బా మూత తీసిన చప్పుడైంది. బియ్యంలో చేయి కదిలిన చప్పుడైంది. ఆ తర్వాత పూసలు గలగలమన్నాయి. ఇంక దాయడానికి ఏమీ మిగల్లేదని జమునకు అర్థమైంది. "అత్తా," అని పిలిచింది. ఫోను కట్టయింది.

ఆ తర్వాత నిలబడటం కష్టమైంది. వరుస పెరుగుతోంది. ముందువాళ్లు కిటికీ గట్టు మీద టోపీలు వాయిస్తున్నారు. జైపాల్ గడియారం చూస్తున్నాడు. జమునకు కొలువు పోతుందన్న భయం ఒక పక్క, బియ్యంలోంచి ఆ పూసలు తీసిన అత్త మొహం ఒక పక్క. అత్త ఆటోవాడికి ఇచ్చి పంపుతుందా, కోపం వచ్చి మళ్లీ డబ్బాలోనే పడేస్తుందా, ఏదీ తెలియలేదు.

గేటు దగ్గర ఆటో ఆగింది. గార్డుతో ఎవరో వాదులాడుతున్న గొంతు వినిపించింది. "నా కోడలు లోపటున్నది, నన్ను ఆపేటోనివి నువ్వెవడివి," అంటోంది ఆ గొంతు. జమునకు ఆ గొంతు కొత్త కాదు. వరుస మధ్యన చీలింది. టోపీలు పెట్టుకున్న మగవాళ్ల నడుమనుంచి సారవ్వ వస్తోంది, చీర కుచ్చెళ్లు చేత్తో ఎత్తిపట్టి, తొందరగా. ఎవరిచేతా పంపలేదు, తనే వచ్చింది.

అద్దాలు ఆమె చేతిలో లేవు. బూడిద రంగు పూసల తాడు ఆమె మెడలో ఉంది. జమున కాపురానికొచ్చిన నాటినుంచీ బోసిగానే చూసిన మెడ అది. తాడు చివర అద్దాలు ఆ ముసలి ఛాతీ మీద బుద్ధిగా పడుకుని ఉన్నాయి.

సారవ్వ కిటికీ దాకా వచ్చి రొప్పింది.

"చేతుల వట్టుకుంటే ఆటో గుంతలల్ల ఎగిరి వడతయని మెడలేస్కున్న," అంది. "మంచిగనే ఉన్నది. ఎందుకు దాసినవే?"

వరుసంతా వింటోంది. అయినా జమున చెప్పింది. "నువ్వు తీసిన మెడ గదత్తా. నువ్వేమన్న అనుకుంటవని."

సారవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. తిడుతుందేమోనని జైపాల్ కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పుస్తెలు తీసింది మనిషి లేడని," అంది సారవ్వ. "మెడ లేదని కాదు. ఒంగు ఇటు."

జమున కిటికీ కడ్డీల కింద లైట్లు అందించే సందులోంచి తల బయటికి వంచింది. సారవ్వ తన మెడలోంచి తాడు తీసి, పూసలు చిక్కుపడకుండా రెండు చేతులతో విప్పి, కోడలి మెడలో వేసింది. అద్దాలు సర్ది, చొక్కా కాలరు పైకి లాగి, లోపల దాగిన తాడును బయటికి తీసి పైన పడేసింది. జమున కళ్లు నిండాయి. ఇంత మందిలో ఏడవకూడదని ఎంత ఆపుకున్నా ఆగలేదు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది, ఆ చేతితోనే అద్దాలు తుడిచి పెట్టుకుంది.

"ఏ నంబరు తమ్మీ?" అంది.

నర్సింగం ఈసారి వేళాకోళం చేయలేదు. నంబరు చెప్పాడు. ఆమె గడి చూసి, లైటు మీద చదివి, పైకి చెప్పి ఇచ్చింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. దిగే గంట మోగేసరికి వరుసలో ఎవరూ మిగల్లేదు. జైపాల్ ఆఫీసు వైపు పోలేదు, సారవ్వకు చాయ తేవడానికి క్యాంటీను వైపు పోయాడు.

సారవ్వ లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుని ర్యాకులన్నీ కలయజూసింది. ఇన్నేళ్లలో కోడలు పనిచేసే చోటు చూడటం ఆమెకదే మొదలు.

"గీ ఖాళీ గడులేందే?"

"ఇప్పుడు దిగినోళ్లయి అత్తా. వాళ్లు పైకొచ్చినంక మల్ల నిండుతయ్."

"అన్నీ నిండేదాక నువ్వు ఈడనే ఉంటవా?"

"ఉంట."

సారవ్వ తల ఊపింది. చాయ తాగి గ్లాసు పక్కన పెట్టి లేచింది. "ఉండు మరి. రాత్రికి బువ్వ నేనే వండుత, డబ్బ మూత ఎట్లాగు తీసే ఉన్నది," అని మెట్లు దిగింది. రెండు మెట్లు దిగి ఆగి, తన నడుముకున్న చిక్కం సంచిలోంచి శుక్లాల ఆపరేషనుకు ఇచ్చిన కళ్లద్దాలు తీసి చూపించింది.

"లతీఫున్నీసకు చెప్పు, వీటికి గూడ ఒకటి అల్లుమను. గీ బూడిదయి నాకొద్దు. ఎర్రయి గుచ్చుమను."